గౌతమి గట్టున చిన్న చర్చిలు: యానాం నుంచి ముమ్మిడివరం దాకా ఒక దళిత చరిత్ర దారి

కోనసీమ పర్యాటక పటంలో అంతర్వేది, అప్పనపల్లి, అయినవిల్లి, మురమళ్ళ తప్పకుండా ఉంటాయి. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం గురించి ప్రతి సంక్రాంతికీ పత్రికలు రాస్తాయి. కొబ్బరితోటలు, అగ్రహారాలు, వేదపండితులు... కోనసీమ అనగానే బయటి ప్రపంచానికి చూపించే బొమ్మ ఇదే. అవే ఏటిగట్ల వెంట, కాలవగట్ల వెంట దళిత పేటల్లో చిన్న చిన్న చర్చిలు ఉన్నాయి. కొన్ని పెంకు కప్పుతో మిగిలాయి. ఎక్కువ భాగం స్లాబు కట్టడాలుగా మారిపోయాయి. వీటి ముందు పర్యాటక శాఖ బోర్డు ఉండదు. జిల్లా చరిత్ర పుస్తకాల్లో వీటికి ఒక పేరా దొరకడం కూడా కష్టం.

యానాం నుంచి గౌతమి దాటి, ఐ.పోలవరం దీవి మీదుగా ముమ్మిడివరం చేరే దారి వెంట ఈ చర్చిల చరిత్రను ఎలా చదవాలో చెప్పడానికే ఈ వ్యాసం. మా వాదన ఒక్కటే. సొంత భూమి లేని, ఊరి సత్రంలోకీ గుడిలోకీ అడుగుపెట్టనివ్వని మనుషులు నలుగురూ కూర్చోవడానికి కట్టుకున్న తొలి ఉమ్మడి కట్టడాలు ఇవి. అందుకే ఇవి దళితుల చరిత్రకు ఆధారాలు. అయితే 1950 నాటి ఒక రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఈ ఆధారాన్ని బయటపెట్టడం దాని సొంతదారులకే ప్రమాదంగా మారింది. ఈ రెండు విషయాలనూ కలిపి చూడకుండా ఇక్కడ పరిశోధన చేయడం సాధ్యం కాదు.

దారి ఎలా వెళ్తుంది

మొదలుపెట్టడానికి అనువైన చోటు యానాం. ఇక్కడి సెయింట్ ఆన్స్ కాథలిక్ చర్చి నిర్మాణం 1846లో పూర్తయింది. సామగ్రిలో కొంత ఫ్రాన్స్ నుంచి ఓడల్లో తెప్పించారు. స్థానికులు దీన్ని ఫ్రెంచి చర్చి అనే పిలుస్తారు. 1954 నవంబరు 1న యానాం పాలన భారతదేశం చేతికి వచ్చింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది. పాలకుల సొమ్ముతో, పాలకుల అండతో లేచిన చర్చి ఎలా ఉంటుందో ఇక్కడ చూడాలి. ఏరు దాటాక పేటల్లో కనిపించేవి కూలి డబ్బుతో లేచినవి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

యానాం పక్కనే కోరంగి. ఒకప్పుడు పెద్ద రేవు. 1789లోనూ 1839లోనూ తుపాను ఉప్పెనలు దాన్ని దెబ్బతీశాయి. ఈ తీరం నుంచి బర్మాకు, మారిషస్‌కు ఓడలెక్కిన తెలుగు కూలీలను అక్కడివాళ్ళు కోరంగీలు అన్నారు. పల్లెల్లో పాలేరుతనం, కరవు, వడ్డీ అప్పు తప్పించుకోవడానికి దళితులు, వెనకబడిన కులాలవాళ్ళు ఈ దారి పట్టారు. రంగూన్‌లో తెలుగు క్రైస్తవ సంఘాలు ఏర్పడింది ఆ వలసల వల్లే.

యానాం నుంచి గౌతమి మీద ఉన్న వంతెన దాటితే ఎదుర్లంక. 2002లో అందుబాటులోకి వచ్చిన ఈ వంతెనకు జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. ఆయన 1951 అక్టోబరు 1న ఎదుర్లంకలోనే పుట్టారు. 1996 ఉప ఎన్నికలో ముమ్మిడివరం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1998 మార్చిలో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి చనిపోయారు. వంతెన రాకముందు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పంటు మీదో పడవ మీదో దాటేవాళ్ళు.

ఎదుర్లంక నుంచి మురమళ్ళ వైపు జాతీయ రహదారి 216 వెళ్తుంది. నడిచేవాళ్ళు వీలైనచోటల్లా రోడ్డు వదిలి గట్టు ఎక్కాలి. ఎందుకంటే పేటలు చాలావరకు రోడ్డు మొగలో ఉండవు. ఊరికి పల్లపు దిక్కున, మురుగు కోడు పక్కన, గట్టు కింద ఉంటాయి. మురమళ్ళ దాటాక అన్నంపల్లి దగ్గర అక్విడక్టు వస్తుంది. వృద్ధ గౌతమి మీదుగా కాలవ నీళ్ళను దీవికి చేర్చే కట్టడం అది. అక్కణ్ణుంచి ముమ్మిడివరం దగ్గరే. మొత్తం దారి సుమారు 15 కిలోమీటర్లు. పేటల్లో ఆగుతూ మాట్లాడుతూ నడిస్తే రెండు రోజులు పెట్టుకోవడం మంచిది.

ఆనకట్ట కూలీలు, బార్న్‌స్టేపుల్ పనివాళ్ళు

గోదావరి డెల్టాలో ప్రొటెస్టెంటు సంఘాల మొదలు గురించి చెప్పాలంటే 1836కు వెళ్ళాలి. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే బ్రదరెన్ బోధకుడితో కలిసి ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బోడెన్, జార్జి బీర్ తమ భార్యలతో ఆ ఏడాది బయల్దేరి వచ్చారు. బోడెన్ రాతిపని మేస్త్రీ. బీర్ చెప్పులు కుట్టే పనివాడు. వీళ్ళు మొదట మచిలీపట్నంలో ఉన్నారు. తర్వాత నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పనిచేశారు. అదే గోదావరి డెల్టా మిషన్ అయింది. అమలాపురం కూడా తర్వాత ఈ మిషన్ కేంద్రాల్లో ఒకటయింది.

1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించాడు. రాయి మోయడానికి, మట్టి తవ్వడానికి, కాలవలు తీయడానికి వేలాది కూలీలు చేరారు. వాళ్ళలో మాల, మాదిగ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. బోడెన్ అక్కడికి వెళ్ళి ఆ కూలీల మధ్యే బోధించాడు. డెల్టా చరిత్రలో ఈ ఘట్టాన్ని మేము ముఖ్యమైనదిగా చూస్తాం. ఊళ్ళో ఉన్నంతకాలం పాలేరు ఎవరితో మాట్లాడాలో, ఎక్కడ కూర్చోవాలో ఆసామి నిర్ణయించేవాడు. ఆనకట్ట పని దగ్గర వేర్వేరు ఊళ్ళ దళితులు ఒకచోట చేరారు, కూలి డబ్బు చేతికి తీసుకున్నారు, కొత్త మాట విన్నారు. పని అయిపోయాక తిరిగి వెళ్ళినవాళ్ళు ఆ మాటను తమ పేటలకు మోసుకెళ్ళారు. కాటన్ దొర కోనసీమను సస్యశ్యామలం చేశాడని విగ్రహాలు పెట్టుకున్నాం. ఆ మట్టి మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. వాళ్ళ మనవలు కట్టుకున్న మందిరాలు మాత్రం ఉన్నాయి.

దొరల కథ ఒక్కటే చెబితే సగమే చెప్పినట్టు. కెనడియన్ బాప్టిస్టు మిషన్ 1874లో కాకినాడకు రావడానికి కారకుడు థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు. సర్కారు ఉద్యోగం వదులుకొని బోధకుడై, ముందే అక్కడ సంఘాన్ని నిలబెట్టాడు. సాయానికి రమ్మని కెనడా బాప్టిస్టులను పిలిచింది ఆయనే. జాన్ మెక్లారిన్ వచ్చి బాధ్యత తీసుకున్న కొద్ది నెలలకే, 1875 జనవరిలో, గాబ్రియేల్ చనిపోయాడు. ఆ మిషన్ తరవాత సామర్లకోటలో బోధకుల పాఠశాల పెట్టింది. రామచంద్రపురంలో ఇసబెల్ హ్యాచ్ కుష్ఠురోగుల ఆశ్రమం పెట్టింది. చరిత్ర పుస్తకాల్లో మిషనరీల ఫొటోలు ఉంటాయి. గాబ్రియేల్ లాంటి వాళ్ళు, పేరు కూడా నమోదు కాని గ్రామ ఉపదేశకులు, బైబిలు స్త్రీలు ఫుట్‌నోటులో కూడా కనిపించరు.

ఏటిలోకి దిగడం

ఈ చర్చిలు నీళ్ళ పక్కన ఎందుకున్నాయి అన్నదానికి ఒక జవాబు కుల భూగోళం. మెరక ఆసాములది, పల్లం దళితులది. ఇంకో జవాబు బాప్తిస్మం. బ్రదరెన్, బాప్టిస్టు సంఘాల్లో పెద్దవాళ్ళకు పూర్తిగా నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. లూథరన్లలో, కాథలిక్కుల్లో లాగా తల మీద నీళ్ళు పోస్తే సరిపోదు. అందుకు ఏరో కాలవో చెరువో కావాలి. నలుగురూ చూస్తుండగా దిగాలి.

కోనసీమ లాంటి చోట ఇది చిన్న సంగతి కాదు. ఊరి మంచినీళ్ళ చెరువు దళితులది కాదు. పారే ఏటిని ఎవరూ మూయలేరు కాబట్టి రేవుల్ని పంచుకున్నారు. ఎవరి రేవు వాళ్ళది. పై కులాలవాళ్ళు స్నానం చేసే రేవుకు దిగువన మాలరేవు, మాదిగరేవు. అలాంటి ఏటిలోకి తెల్లబట్టలు కట్టుకొని, పాటలు పాడుకుంటూ, బారుగా నడిచి వెళ్ళి దిగడం అంటే ఊరు చూసే పని చేయడం. 1927 మార్చి 20న మహద్‌లో చవ్‌దార్ చెరువు నీళ్ళు ముట్టుకోవడానికి అంబేడ్కర్ వేలమందిని నడిపించారు. గోదావరి బాప్తిస్మాలు దానితో సమానమైన పోరాటం అనడం లేదు. ఇవి హక్కు అడిగిన సందర్భాలు కావు. అయినా నీళ్ళ చుట్టూ గీసిన కులం గీత పక్కనే ఇవి జరిగాయన్న సంగతిని మతచరిత్ర రాసినవాళ్ళు పట్టించుకోలేదు, కులచరిత్ర రాసినవాళ్ళూ పట్టించుకోలేదు.

ఇప్పటికీ పేటల్లో పెద్దవాళ్ళు తమ వయసు చెప్పేటప్పుడు బాప్తిస్మం తీసుకున్న ఏడాదిని గుర్తుగా పెట్టుకుంటారు. వరదలను కూడా అలాగే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపాను, 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. పల్లంలో ఉన్న మందిరం గోడలు ఈ మూడింటినీ చూశాయి. గోడ మీద నీళ్ళు ఎంతదాకా వచ్చాయో సంఘ పెద్దలు చేత్తో చూపిస్తారు.

మందిరమే బడి, మందిరమే సభ

పేటల్లో దీన్ని చర్చి అని తక్కువగా అంటారు. మందిరం అంటారు, కొన్నిచోట్ల గుడి అంటారు. బోధకుణ్ణి అయ్యగారు అంటారు, ఆయన భార్యను అమ్మగారు. చాలా ఊళ్ళలో మొదటి మందిరం తాటాకు పాక. పగలు అందులో పిల్లల బడి, రాత్రి పాలేర్లకు లాంతరు బడి, ఆదివారం ప్రార్థన. పలక పట్టించిన పంతులూ అయ్యగారే. ఊరి బడిలో అరుగు కింద కూర్చోబెట్టిన రోజుల్లో పేట పిల్లలు చాప మీద కూర్చొని అక్షరాలు దిద్దిన చోటు ఇదే.

ఆ చదువు ఎటు దారితీసిందో చూడాలి. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ ‘పంచమ’ అన్న మాటను వదిలేసి ‘ఆది ఆంధ్ర’ అన్న పేరు తీసుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును గుర్తించింది. నేటికీ కోనసీమలో ఎంతోమంది దళితుల కుల ధ్రువపత్రాల మీద ఉండేది ఆది ఆంధ్ర అనే. రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న ‘జయభేరి’ పత్రిక నడిపాడు. కోనసీమలోని మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం రాశాడు. అందులో పాలేరు కుర్రవాడు చదువుకొని పైకొస్తాడు. వీళ్ళందరూ క్రైస్తవులని కాదు. వీళ్ళ మాట వినడానికి, చదవడానికి పేటల్లో అక్షరం వచ్చినవాళ్ళు కావాలి కదా. వాళ్ళలో చాలామందిని తయారుచేసింది ఈ పాకలే.

కష్టం వచ్చినప్పుడు చేరే చోటు కూడా ఇదే అయింది. 1985 జులై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగినప్పుడు బాధితులు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6 చుండూరు హత్యాకాండ తర్వాత అక్కడి దళితులు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ చర్చి ఆవరణకు చేరారు. దళిత మహాసభ ఉద్యమానికి సభాస్థలాలుగా పనికొచ్చిన కట్టడాల్లో చర్చిల వాటా ఎంతో ఎవరైనా లెక్కగట్టాలి. కోస్తా జిల్లాల్లో చాలా పేటల్లో వందమంది దళితులు కూర్చోగలిగిన పైకప్పు ఇదే.

బయటి ప్రపంచంలో దీనికి దగ్గరి పోలిక అమెరికాలో నల్లవాళ్ళ చర్చిలు. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో 16వ వీధి బాప్టిస్టు చర్చి పౌరహక్కుల ఉద్యమానికి సభాస్థలం. 1963 సెప్టెంబరు 15న శ్వేతజాతి దురహంకారులు దాన్ని బాంబుతో పేల్చినప్పుడు నలుగురు బాలికలు చనిపోయారు. 2006లో అమెరికా ప్రభుత్వం ఆ కట్టడాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. అక్కడ చర్చిని కాపాడడం అంటే నల్లవాళ్ళ రాజకీయ చరిత్రను కాపాడడమే అన్న అవగాహన వచ్చింది. మన దగ్గర మందిరాన్ని కేవలం మతం ఖాతాలో వేసి పక్కన పెట్టేస్తున్నాం.

లోపలి కులం

చర్చి గడప దాటగానే కులం పోయిందని చెబితే అది అబద్ధం. ఫ్రెంచి వలసల్లోనే దీనికి పాత సాక్ష్యం ఉంది. పుదుచ్చేరి, కారైకాల్ చర్చిల్లో పరయర్ క్రైస్తవులను వేరు చేస్తూ కట్టిన గోడల మీద 1745లో గొడవ జరిగిన సంగతి ఆనందరంగ పిళ్ళై దినచర్యలో నమోదైంది. గోదావరి డెల్టాలో గోడ కట్టాల్సిన పనే రాలేదు. పేటలే వేరు కాబట్టి చర్చిలూ వేరయ్యాయి. ఒకే ఊళ్ళో మాలపేట మందిరం ఒకటి, మాదిగపేట మందిరం ఒకటి. ఒకే మిషన్‌కు చెందినా సరే. పెళ్ళి సంబంధాలు కులం లోపలే. పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు పేట మందిరానికి రారు, పట్టణంలో వేరే చర్చికి వెళ్తారు.

దీనికి ఎదురు నిలిచే ఆచారం కూడా ఆ మందిరంలోనే ఉంది. బ్రదరెన్ సంఘాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. ఒకే రొట్టె, ఒకే గిన్నె. ఎంగిలి అన్న మాట మీద నిలబడ్డ సమాజంలో ఒకే గిన్నె నుంచి అందరూ తాగడం ఎంత పెద్ద మాటో వేరే చెప్పనక్కరలేదు. ఆ గిన్నె రెండు పేటల మధ్య ఎందుకు తిరగలేదన్న ప్రశ్న దళిత క్రైస్తవులే వేసుకోవాలి, వేసుకుంటున్నారు కూడా.

పేట మత జీవితం కూడా కాగితాల మీద గీసినంత సూటిగా ఉండదు. ఒకే వీధిలో రామాలయం, మందిరం, మొగలో అంబేడ్కర్ విగ్రహం కనిపిస్తాయి. అన్న ఆదివారం మందిరానికి వెళ్తాడు, తమ్ముడు ప్రభ మోస్తాడు, తల్లి రెండు చోట్లా దండం పెడుతుంది. ఈ కలగలుపును మోసం అని పిలిచేవాళ్ళకు పేట జీవితం తెలియదు.

పెంకు నుంచి స్లాబుకు

కట్టడాన్ని చూస్తే ఆ పేట ఆర్థిక చరిత్ర కొంత తెలుస్తుంది. పాకల తర్వాత వచ్చినవి పెంకుటి మందిరాలు. మందపాటి సున్నపు గోడలు, తాటి దూలాలు, మంగళూరు పెంకు, ముందు చిన్న వసారా, పక్కన రెండు స్తంభాల మధ్య వేలాడే గంట. గంట కూడా పేటకు గడియారమే. నాట్లకు, కోతలకు వెళ్ళే కూలీలు దాన్ని విని లేచేవాళ్ళు.

తుపాన్లకు పెంకు ఎగిరిపోయిన చోట స్లాబు వచ్చింది. గల్ఫ్ వలసలు ఈ మార్పును వేగం చేశాయి. కోనసీమ నుంచి కువైట్‌కు, ఖతార్‌కు ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళలో దళితులు ఎక్కువ. వాళ్ళు పంపిన డబ్బుతో ఇళ్ళూ లేచాయి, మందిరాలూ లేచాయి. శంకుస్థాపన రాళ్ళ మీద దాతల పేర్లు చదివితే మిషనరీల కాలం ఎక్కడ ముగిసిందో, ఇంటిపని చేసిన ఆడవాళ్ళ కాలం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. పాత మందిరం పడగొట్టేటప్పుడు పాత రాయిని కొత్త గోడలో ఇమిడ్చినవాళ్ళున్నారు. పునాదిలో పూడ్చేసినవాళ్ళూ ఉన్నారు. పడగొట్టవద్దని బయటి నుంచి వచ్చి చెప్పే అధికారం పరిశోధకులకు లేదు. కురిసే కప్పు కింద కూర్చునేది వాళ్ళు. పడగొట్టే ముందు ఒక ఫొటో, ఒక కొలత తీసుకోవడం మాత్రం మన బాధ్యత.

సమాధుల దొడ్డి కూడా ఈ చరిత్రలో భాగం. దళితులకు శ్మశానం స్థలం కోసం ఇప్పటికీ ఊరూరా పోరాటాలు జరుగుతున్నాయి. ఏటిగట్టు పక్కన ఉన్నవి వరదకు కోసుకుపోతుంటాయి. నవంబరు 2న సమాధుల పండుగ నాడు కుటుంబాలు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. పేటలో ఎవరు ఎప్పుడు బతికారో చెప్పే రాతలు చాలాచోట్ల ఇవి మాత్రమే.

రిజిస్టరు ఎందుకు ప్రమాదం

1950 ఆగస్టు 10న వెలువడిన రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూమతం కాక వేరే మతం పాటించేవాళ్ళను షెడ్యూల్డు కులంగా పరిగణించరు. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు దీని నుంచి మినహాయింపు దొరికింది. క్రైస్తవ, ముస్లిం దళితులకు దొరకలేదు. అందుకే ఏటా ఆగస్టు 10ని దళిత క్రైస్తవ సంఘాలు చీకటి దినంగా పాటిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన షెడ్యూల్డు కులాలవాళ్ళు బి.సి.-సి కిందకు వస్తారు. రిజర్వేషను 1 శాతం. 1977 ఆగస్టు 30 నాటి జీవో 341 కొన్ని ఆర్థిక సహాయాలను వాళ్ళకూ వర్తింపజేసింది. రిజర్వుడు నియోజకవర్గాల్లో పోటీ, షెడ్యూల్డు కులాల అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ మాత్రం లేవు.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరాను తొలగించమంది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసి, తర్వాత గడువు పొడిగించింది. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. న్యాయస్థానాలు మాత్రం వ్యతిరేక దిశలో నడిచాయి. 2024 నవంబరు 26న పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవం పాటిస్తూ ఉద్యోగం కోసం షెడ్యూల్డు కులం ధ్రువపత్రం అడగడం రాజ్యాంగం మీద మోసం లాంటిదని అంది. ఆ కేసులో ఆధారంగా నిలిచిన వాటిలో చిన్ననాటి బాప్తిస్మం నమోదు ఒకటి. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అత్యాచారాల కేసును కొట్టేసింది. మతం మారాక ఆ చట్టం రక్షణ ఉండదని చెప్పింది.

ఈ తీర్పుల వెలుగులో పేట మందిరాన్ని మళ్ళీ చూడాలి. తాతల కాలం నుంచి దాచుకున్న బాప్తిస్మం పుస్తకం, పెళ్ళి పుస్తకం మనలాంటివాళ్ళకు చరిత్ర ఆధారాలు. ధ్రువపత్రం మీద ఫిర్యాదు చేయాలనుకునేవాడికి అవే సాక్ష్యాలు. ఉద్యోగం వచ్చిన కుర్రవాడి మీద, సర్పంచిగా గెలిచిన ఆడమనిషి మీద ఎదుటిపక్షం మొదట వెతికేది ఇదే. కులం పోలేదని ఊరు రోజూ గుర్తుచేస్తుంది, కులం పోయిందని కాగితం అంటుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం మాత్రమే. పేటల్లో ఆదివారం నిండే మందిరాలకూ ఈ అంకెకూ పొంతన ఎందుకు లేదో ఈ ఉత్తర్వు చదివితే అర్థమవుతుంది. కులం కూడా లెక్కించనున్న 2027 జనగణనలో మతం గడి, కులం గడి పక్కపక్కన నిలిచి ఈ కుటుంబాలను మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాయి.

పేరు బయటపడితే ఏమవుతుందో కోనసీమ 2022 మే 24న చూసింది. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో మొదలైన అల్లర్లలో దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి నిప్పు పెట్టారు. ఆ తర్వాత కూడా పేరు నిలిచింది. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అన్న బోర్డు ఇప్పుడు ఈ దారి పొడవునా కనిపిస్తుంది. ఆ బోర్డు నీడలో ఉన్న పేట మందిరం మాత్రం ఇంకా తన చరిత్రను బయటికి చెప్పుకోలేని స్థితిలోనే ఉంది.

నడిచేవాళ్ళు ఏం నమోదు చేయాలి, ఏం చేయకూడదు

ఈ దారిలో పనిచేయాలనుకునే విద్యార్థులకు, కార్యకర్తలకు మేము సూచించే పద్ధతి ఇది.

– ముందు సంఘ పెద్దలతో, అయ్యగారితో మాట్లాడండి. ఎవరి కోసం రాస్తున్నారో, ఎక్కడ పెడతారో చెప్పండి. వద్దంటే ఆగిపోండి.

– కట్టడాన్ని నమోదు చేయండి: పొడవు, వెడల్పు, కప్పు రకం, గోడ మందం, గంట, కిటికీలు, వరద గుర్తులు. పేటలో మందిరం ఏ దిక్కున ఉందో, ఊరికి ఎంత దూరమో గీత గీసి చూపండి.

– శంకుస్థాపన రాతి మీద ఉన్న ఏడాదిని, మిషన్ పేరును రాసుకోండి. దాతల పేర్లను, బతికున్నవాళ్ళ ఫొటోలను బయటపెట్టవద్దు.

– బాప్తిస్మం, పెళ్ళి, సభ్యత్వ పుస్తకాలను ఫొటో తీయవద్దు. మంచి ఉద్దేశంతో తీసిన ఫొటో కూడా ఫోను నుంచి ఫోనుకు పోతుంది. ఆ పుస్తకాలకు చెద పట్టకుండా దాచుకునే పద్ధతి సంఘానికి చెప్పండి చాలు.

– ‘మీరు ఎప్పుడు మతం మారారు’ అని అడగవద్దు. ‘ఈ మందిరం ఎలా కట్టారు, ఇటుక ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు మోశారు’ అని అడగండి. రెండో ప్రశ్నకే ఎక్కువ చరిత్ర దొరుకుతుంది, ఎవరికీ నష్టం ఉండదు.

– ఆడవాళ్ళను విడిగా అడగండి. పిడికెడు బియ్యం దాచి చందా కూడబెట్టింది వాళ్ళే. పాటలు నోటికి వచ్చేదీ వాళ్ళకే.

– మాలపేట, మాదిగపేట మందిరాలు రెంటికీ వెళ్ళండి. ఒక్క పేట మాటతో ఊరి చరిత్ర రాయవద్దు.

నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. జులై నుంచి సెప్టెంబరు దాకా గౌతమి వరద మీద ఉంటుంది కాబట్టి గట్టు ఎక్కకపోవడం మేలు. మట్టల ఆదివారం ఉదయం, ఈస్టరు తెల్లవారుజాము, నవంబరు 2 సాయంత్రం పేటల్లో ఉంటే మందిరం నుంచి సమాధుల దాకా జరిగే ఊరేగింపు చూడవచ్చు. ఆ ఊరేగింపు ఊరి ఏ వీధిలోంచి వెళ్తుందో, ఏ వీధిని తప్పించుకొని వెళ్తుందో గమనించి మీ పటం మీద గీసుకోండి.